పుట్టింటి వాసన, మెట్టినింటి పేరు: ఇటలీ పరిమళ విద్య కథ

వెనుకటి తరములో మన ఇండ్లలో ఎవరికైన జ్వరము వచ్చినచో పెద్దవారు అలమర తెరచి ఒక చిన్న సీసా తీసెడివారు. గిన్నెడు చల్లని నీళ్లలో నాలుగు చుక్కలు వేసి, గుడ్డ తడిపి, నుదుటిమీద పరచెడివారు. ఆ సీసాను అందరును ఓడికొలోన్ అనెడివారు. ఆ మాట ఎక్కడిదని అడిగినవారు తక్కువ. ఫ్రెంచి భాషలో దానికి "కొలోను నీరు" అని అర్థము. కొలోను జర్మనీలో రైను నది ఒడ్డున నున్న పట్టణము. కాని ఆ సీసాలోని వాసన జర్మనీది కాదు. మాట ఫ్రెంచివారిదైనను వాసన వారిదియు కాదు. బ్రతుకుతెరువునకై ఇటలీనుండి వలస వచ్చిన ఒక వర్తకుడు తన సీమలోని వసంత ఋతువును తలచుకొని కూర్చిన వాసన అది.

ఉగాది సంచికకు ఏదైన చరిత్ర వ్యాసము వ్రాయుడని మన సంఘమువారు అడిగినప్పుడు మాకు మొదట జ్ఞాపకమునకు వచ్చినది ఆ సీసాయే. ఉగాది మనకు నాలుకకంటె ముందు ముక్కుకు తెలియు పండుగ. వేపపువ్వు, కొత్త చింతపండు, మామిడికాయ తరుగుచున్నప్పటి పులుపు వాసన, గుమ్మమునకు కట్టిన ఆకుల పచ్చి వాసన - ఇవి కలిసినగాని పండుగ వచ్చినట్లుండదు. బెంగుళూరులో మూడు నాలుగు తరములుగ కాపురమున్న మనకు తాతగారి ఊరి పొలిమేరలు తెలియకపోవచ్చును. ఈ వాసనలు మాత్రము తెలియును. వాసనను వెంట తీసికొని ఊరు విడిచినవారి కథ మరియొక దేశములో ఎట్లు జరిగినదో తెలిసికొనుట మనకు ప్రయోజనమని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రోము నాటి ముచ్చట

ఆంగ్లములో పరిమళ ద్రవ్యమునకు వాడు "పెర్‌ఫ్యూము" అను మాటకు మూలము లాటిను భాషలో నున్నది. "పెర్ ఫూముమ్" అనగా "పొగ ద్వారా" అని అర్థము. దేవుని యెదుట నిప్పులమీద బంక, చెక్క వేసి సువాసన గల పొగను పైకి పంపెడి ఆచారమునుండి ఆ మాట వచ్చినది. మన సాంబ్రాణి ధూపమునకు అది దగ్గరి చుట్టము.

ప్రాచీన కాలములో ఇటలీలో కాపువా అను పట్టణమునందు సెప్లాసియా అను వీధి ఉండెడిది. అది అంతయు పరిమళములు అమ్మువారి అంగళ్లే. ఆ వీధికి ఎంత పేరు వచ్చినదనగా, పరిమళములు అమ్మువానిని ఆ వీధి పేరుతోనే పిలువసాగినారు. అప్పటికి ఇప్పటివలె సారములో కరగించిన పరిమళము లేదు. పూలను, వేళ్లను, బంకలను నూనెలో నానబెట్టి, వెచ్చచేసి, వాసన నూనెకు ఎక్కించెడివారు. ఆలివు నూనెతోపాటు, మన మునగకు దగ్గరి జాతియైన ఒక చెట్టు గింజల నూనెను గూడ వాడినారు. అది త్వరగా కారువాసన పట్టదు. అందుచేత దానికి గిరాకి.

మొదటి శతాబ్దములో ప్లినీ అను రోమను పండితుడు ప్రకృతి చరిత్ర అను గొప్ప గ్రంథమును వ్రాసినాడు. అందులో పరిమళములను గురించి చాల చెప్పినాడు, చాల తిట్టినాడు. ముత్యములు, రత్నములు కొడుకులకు దక్కును. వస్త్రములు కొంతకాలము నిలుచును. పరిమళము మాత్రము అప్పటికప్పుడే ఆరిపోవును, పైగా పూసికొన్నవానికి దాని వాసన తెలియనైన తెలియదు అని అతని ఆక్షేపణ. కొన్ని పరిమళములు పౌను 400 దెనారియసులకు పైగా అమ్ముడుపోవుచున్నవని వ్రాసినాడు. భారతదేశము, చీనా, అరబ్బు ద్వీపకల్పము కలిసి ఏటేట రోము సామ్రాజ్యమునుండి తక్కువలో తక్కువ 10 కోట్ల సెస్టర్సులు లాగికొనుచున్నవని మొరపెట్టినాడు. అతడు 79వ సంవత్సరములో వెసూవియసు అగ్నిపర్వతము పగిలినప్పుడు మరణించినాడు.

ఆ ధనము వచ్చిన దారిలో మన దేశపు సరుకులెన్నియో ఉన్నవి. హిమాలయములలో దొరకు జటామాంసి రోమను స్త్రీల తైలములలో అన్నిటికంటె గొప్పది. చంగల్వకోష్టును వారు "కోస్తుమ్" అన్నారు. సంస్కృతములోని కుష్ఠ శబ్దమే అది. మన తమాలపత్రము, అనగా వంటింటి ఆకుపత్రి, వారి నోట "మలబాత్రుమ్" అయినది. ఆ కాలమునాటి పెరిప్లస్ అను గ్రీకు నావికుని గ్రంథములో కృష్ణా ముఖద్వార ప్రాంతము "మసాలియా" అను పేరుతో, సన్నని బట్టలు విరివిగ నేయు సీమగా కనబడుచున్నది. ఒంగోలు, వినుకొండ, నల్లగొండ సీమలోని అక్కెనపల్లి వంటి తావులలో దొరికిన రోమను నాణెములు ఆ బేరసారములకు సాక్ష్యములు. కనుక ఇటలీ పరిమళ విద్య మొదటినుండియు ఒంటరి విద్య కాదు. దూరదేశపు వేళ్లు, ఆకులు ఇటలీ నూనెలో కలిసినవి.

మఠములో పుట్టిన అంగడి

రోము సామ్రాజ్యము కూలిన తరువాత ఈ విద్య చాల కాలము అరబ్బుల చేతిలో వృద్ధి పొందినది. పూలను నీటితో కాచి, ఆవిరిని చల్లార్చి, పన్నీరు దింపు పద్ధతిని వారు బాగుగ సాగుచేసినారు. ఆ విద్య మధ్యధరా సముద్రము దాటి ఇటలీకి వచ్చినది. 12వ శతాబ్దములో దక్షిణ ఇటలీలోని సలెర్నో వైద్య పాఠశాలవారు ద్రాక్షసారాయిని కాచి, అంటుకొని మండెడి సారమును దింపుట నేర్చినారు. 13వ శతాబ్దములో బొలోన్యా నగరపు వైద్యుడు తద్దెయో అల్దెరొత్తి దానిని మరల మరల కాచి మిక్కిలి స్వచ్ఛము చేయు పద్ధతిని వ్రాసిపెట్టినాడు. మందుకొరకు చేసిన ఆ పని తరువాతి పరిమళ విద్యకు పునాది అయినది. నూనె జిడ్డుగ ఉండి ఒంటిని, బట్టను పట్టుకొనును. సారము అట్లుగాక వాసనను మోసికొని వచ్చి, తాను ఆరిపోయి, వాసనను మాత్రము విడిచిపోవును.

ఫ్లారెన్సు పట్టణములోని శాంతా మరియా నొవెల్లా మఠము కథ ఇచ్చట చెప్పవలెను. దొమినికను సన్యాసులు 1221లో ఆ పట్టణమునకు వచ్చినారు. మఠపు తోటలో మందు మొక్కలు పెంచి, రోగులకు లేపనములు, కషాయములు చేసెడివారు. వారు పన్నీరు అమ్మినట్లు 1381 నాటి వ్రాత ఉన్నది. 1348లో ఫ్లారెన్సును మహామారి ఊడ్చిపెట్టినది. చెడుగాలివలననే రోగము వచ్చునని నాటివారి నమ్మకము. కావున పన్నీటిని ఇంటిలో చల్లి, ద్రాక్షసారాయిలో కలిపి త్రాగి, రోగమును తరుమవలెనని చూచినారు. పరిమళము వారికి అప్పటికి విలాసము కాదు, ప్రాణరక్షణ. మన అమ్మలు పురిటిగదిలో సాంబ్రాణి వేయునప్పటి తలంపుకు ఇది దూరము కాదు.

ఆ మఠపు మందులగది 1612లో ప్రజలందరికి తెరచిన అంగడి అయినది. 1866లో కొత్తగా ఏర్పడిన ఇటలీ రాజ్యము మఠముల ఆస్తులను స్వాధీనము చేసికొన్నప్పుడు, అంగడి సన్యాసుల చేతినుండి జారి గృహస్థుల చేతికి వచ్చినది. అయినను మూతపడలేదు. నేటికిని ఆ పాత మందిరములోనే పరిమళములు అమ్ముచున్నారు.

ఫ్లారెన్సు చుట్టునున్న కొండలలో ఐరిస్ అను నీలపు పూల మొక్కను పెంచుదురు. ఆ పట్టణపు చిహ్నమును ఆ పూవే. విచిత్రమేమనగా పరిమళము పూవులో కాదు, దుంపలో ఉన్నది. దుంప తవ్విననాడు దానికి చెప్పుకోదగిన వాసన లేదు. చెక్కు తీసి, ఎండబెట్టి, సుమారు మూడు సంవత్సరములు నిలువచేసినగాని దాని సువాసన పైకి రాదు. రైతు ఒకనాడు తవ్విన పంటకు ఏండ్ల తరువాతగాని ఫలము చేతికి రాదన్నమాట. మన వట్టివేరువలె ఇదియు మట్టిలో దాగిన పరిమళమే. వట్టివేరు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము: నేడు పాశ్చాత్య పరిమళకారులు ఆ వేరును "వెతివేర్" అందురు. అది తమిళమునుండి పోయిన మాట.

వెనిసు సరుకు, అచ్చు పుస్తకము

ఫ్లారెన్సు తోటలను నమ్ముకొన్నచో వెనిసు ఓడలను నమ్ముకొన్నది. అలెగ్జాండ్రియా రేవునుండి కస్తూరి, జవ్వాది, కర్పూరము, సాంబ్రాణి, మిరియములు వెనిసుకు వచ్చెడివి. వానిలో కొన్నిటికి అక్కడే మెరుగుపెట్టి ఐరోపా అంతటికి అమ్మెడివారు. 1498లో వాస్కో ద గామా కళ్ళికోటకు వచ్చిన తరువాత ఆ వ్యాపారమునకు దెబ్బ తగిలినను, విద్య మాత్రము వెనిసును విడువలేదు. 1555లో జొవాన్‌వెంతూరా రొసెత్తి అను నతడు పరిమళ విద్యా రహస్యముల పుస్తకమును వెనిసులో అచ్చువేయించినాడు. పశ్చిమదేశములలో ఈ విద్యకు అచ్చయిన తొలి గ్రంథము అదియేనని చెప్పుదురు. అందులో 300కు పైగా పాకములు ఉన్నవి: సబ్బులు, పొడులు, తైలములు, కేశములకు రంగులు, తోలు చేతితొడుగులకు వాసన పట్టించు విధము. పండితుల లాటినులోగాక ఇటలీవారి వాడుక భాషలో వ్రాయుటచేత, అది అంగడివారికిని, చదువు వచ్చిన గృహిణులకును ఉపయోగపడినది. అంతవరకు తండ్రి కొడుకునకు చెవిలో చెప్పిన విద్య అంగడిలో వెలకు దొరకు విద్య అయినది.

పరిమళములు చేయుట రాచయిండ్ల స్త్రీలకును గౌరవమైన పనియే. మాంతువా దొరసాని ఇసబెల్లా దెస్తె (1474-1539) స్వయముగ పరిమళములు కలిపి రాజబంధువులకు కానుకలుగ పంపెడిది. ఆమె కానుక వచ్చినదనగా ఎదుటివారికి గొప్ప.

చేతితొడుగుల మాట కొంత విప్పి చెప్పవలెను. తోలు ఊనునప్పుడు పట్టిన దుర్వాసన ఎంత కడిగినను పోదు. దానిని కప్పుటకు తొడుగులకు కస్తూరి, పూలతైలములు పట్టించెడివారు. రోములోని ఫ్రాంజిపానీ అను గొప్ప వంశమువారి పేర అట్టి తొడుగుల వాసన ఒకటి ప్రసిద్ధి కెక్కినదట. తరువాత అమెరికా ఖండమునుండి ఒక తెల్లని పూలచెట్టు ఐరోపావారికి తెలిసినప్పుడు, దాని వాసన ఆ తొడుగులనే తలపించుటచే చెట్టునకును ఆ పేరే పెట్టినారని చెప్పుదురు. అది మన గుడుల ఆవరణలలో రాలి పడియుండు దేవగన్నేరు. చెట్టు అమెరికాది, పేరు ఇటలీది, పూవు పడినది మన దేవుని పాదములమీద. వస్తువులు వలసపోవు తీరు ఇట్లుండును.

ఇద్దరు కోడండ్లు

ఇటలీ పరిమళ విద్య ఫ్రాన్సునకు పోయిన వైనములో ఒక పెండ్లి కథ ఉన్నది. ఫ్లారెన్సు పాలకులైన మెడిచి వంశపు పిల్ల కాతెరీనా 1533లో, తన 14వ యేట, ఫ్రెంచి రాజకుమారుడు హెన్రీని వివాహమాడి పోయినది. ఆమె వెంట రెనాతో అను ఫ్లారెన్సు పరిమళకారుడు వెళ్లి పారిసులో అంగడి పెట్టినాడని చెప్పుదురు. శాంతా మరియా నొవెల్లా మఠమువారు ఆమెకొరకు చేసినారని చెప్పు "రాణిగారి నీరు" నేటికిని ప్రసిద్ధము.

ఆ విద్యవలన ఆమెకు గౌరవము వచ్చినది, నిందయు వచ్చినది. 1572 జూనులో నవార్ దేశపు రాణి జాన్ దాల్బ్రే పారిసులో మరణించినది. కాతెరీనా విషము పట్టించిన పరిమళపు చేతితొడుగులను కానుకగ ఇచ్చి చంపించినదని వెంటనే పుకారు లేచినది. శవపరీక్ష చేసిన వైద్యులు ఊపిరితిత్తుల రోగము కనబడినదన్నారు. అయినను పుకారు చావలేదు. నవలలలోను నాటకములలోను వందల యేండ్లు బ్రదికినది. అదే సంవత్సరము ఆగస్టులో పారిసులో ప్రొటెస్టెంటుల ఊచకోత జరిగినది. అందులో కాతెరీనాకు పాలు ఉన్నదని చరిత్రకారులు చాలమంది తలంతురు. ఆమె నిరపరాధి అని మేము వాదించుట లేదు. కాని తొడుగుల కథ నమ్ముటకు జనులకు సాక్ష్యము అక్కరలేకపోయినది. ఆమె పరదేశపు కోడలు, చేతిలో తెలియని సీసాలు ఉన్నవి - అది చాలినది. పొరుగువారి వంటింటి వాసన నచ్చక ముఖము చిట్లించినవారిని మన పెద్దలును చూచియుందురు. పరదేశివాని సువాసనయైనను మొదట అనుమానమే కలిగించును.

రెండవ కోడలు దీనికి ఎదురు దారిలో వచ్చినది. ఆన్ మరీ ద లా త్రెమూయి ఫ్రెంచి స్త్రీ. 1675లో ఆమె ఇటలీవాడైన బ్రచ్చానో ప్రభువును పెండ్లాడినది. ఆ వంశమునకు రోము దగ్గర నెరోలా అను చిన్న ఊరు ఉండెడిది. చేదు నారింజ పూలనుండి దింపిన తైలమును ఆమె తన చేతితొడుగులకు, స్నానపు నీటికి వాడి ఆ వాసనను అందరికి అలవాటు చేసినది. అందుచే ఆ తైలమునకు "నెరోలీ" అను పేరు స్థిరపడినది. మూడు వందల యేండ్లు దాటినను పరిమళకారులు ఆ పేరే వాడుచున్నారు. ఇచ్చట మెట్టినింటి ఊరు పేరే లోకమునకు మిగిలినది.

నారింజ అన్న మాటకును ప్రయాణమున్నది. ద్రావిడ భాషలలో పుట్టి, సంస్కృతములో నారంగమై, పారసీకములో నారంగ్, అరబ్బీలో నారంజ్ అయి, ఇటలీలో "అరాంచా" అయినదని భాషా శాస్త్రజ్ఞులు చాలమంది అభిప్రాయము. కనుక నెరోలీ సీసా మూత తీసినప్పుడు మన మాట ఒకటి దూరపు చుట్టముగ పలుకరించుచున్నదని సంతోషింపవచ్చును.

విద్య ఇటలీలో పుట్టినను కీర్తి క్రమముగ ఫ్రాన్సుకు పోయినది. ఫ్రెంచి రాజు 1614లో చేతితొడుగులవారికి పరిమళకారులన్న బిరుదునుగూడ వాడికొనుటకు అనుమతి యిచ్చినాడు. తోళ్ల పనికి పేరుపడిన గ్రాస్ పట్టణము తోళ్ల పని తగ్గిన తరువాతను పూలతోటలతో నిలిచి పరిమళముల రాజధాని అయినది. ఇటలీ చిన్న చిన్న రాజ్యములుగ చీలియుండగా, ఫ్రాన్సులో ఒకే రాజు, ఒకే కొలువు, కొలువు మెచ్చినదానిని కొనుటకు ఐరోపా అంతయు సిద్ధము. ఈ ఏర్పాటే ఫ్రాన్సుకు కలిసివచ్చినది.

కొలోనులో ఒక ఇటలీవాడు

ఇక మన సీసా కథకు వత్తము. ఉత్తర ఇటలీలో, స్విట్జర్లాండు సరిహద్దున, విజెత్సో లోయ అను కొండసీమ ఉన్నది. భూమి తక్కువ, చలి ఎక్కువ. బ్రతుకు గడవక అచ్చటివారు తరతరములుగ వలసపోయెడివారు. ముఖ్యముగ పొగగొట్టములు తుడుచు పనికి ఆ లోయ ప్రసిద్ధి. ఇరుకైన గొట్టములలో దూరగలిగిన చిన్నపిల్లలను గూడ ఆ పనికి వెంట తీసికొనిపోయెడివారు. ఆ లోయలోని శాంతా మరియా మజ్జోరె ఊరిలో ఆ మసిపనివారి జ్ఞాపకార్థము ఒక ప్రదర్శనశాల ఉన్నది. అదే ఊరిలో పరిమళ గృహమను మరియొక ప్రదర్శనశాలయు ఉన్నది. ఒకే ఊరినుండి మసి చేసిన బ్రతుకులు, పరిమళము చేసిన బ్రతుకులు రెండును బయలుదేరినవి.

ఆ ఊరిలో 1685లో జొవాన్నీ మరియా ఫరీనా పుట్టినాడు. అతని అన్నగారు 1709 జూలై 13న కొలోను నగరములో సిల్కులు, విలాస వస్తువులు అమ్ము అంగడి తెరచినారు. తమ్ముడు 1714లో అందు చేరినాడు. వాసనలను గుర్తుపట్టుటలో అతని ముక్కు అసామాన్యమైనది. 1708లో అన్నగారికి వ్రాసిన ఉత్తరములో, వాన వెలసిన ఇటలీ వసంత ప్రాతఃకాలమును, కొండ పూలను, నారింజ పూతను జ్ఞప్తికి తెచ్చు వాసన ఒకటి తనకు దొరకినదని సంతోషముతో తెలిపినాడు. నాటి ఐరోపాలో పరిమళము అనగా కస్తూరి, జవ్వాది వంటి బరువైన వాసనలే. ఫరీనా ఆ దారి వదలి, నిమ్మ, నారింజ, బెర్గమోతు తొక్కల తైలములను శుద్ధమైన సారములో కరగించినాడు. అది తేలికగ, చల్లగ, అప్పుడే కడిగిన గాలివలె ఉన్నది.

తన పుట్టిన ఊరి తలంపుతో చేసిన దానికి అతడు పుట్టిన ఊరి పేరు పెట్టలేదు. తనకు చోటిచ్చిన నగరమును గౌరవించి "కొలోను నీరు" అని పేరు పెట్టినాడు. నాటి రాజకొలువులలో ఫ్రెంచి భాషయే చెల్లుబాటు గనుక ఆ పేరును ఫ్రెంచిలో పెట్టినాడు. ఆ సీసాలు ఐరోపా కొలువులన్నిటికి పోయినవి. అంతకుముందు ఆ నగరము పేరు ఎరుగనివారు గూడ సీసా వలన ఎరిగినారు. 1766లో ఫరీనా కొలోనులోనే కన్నుమూసినాడు. ఆ వంశమువారు ఎనిమిదవ తరములోను అదే వృత్తిలో ఉన్నారు. అదే లోయనుండి వచ్చి కొలోనులోనే స్థిరపడిన జొవాన్నీ పావొలో ఫెమినిస్ ఇట్టి జలమును ముందుగ చేసినాడని వాదించువారును ఉన్నారు. ఎవరు ముందైనను ఆ లోయవారే గదా!

పేరు వచ్చిన వెంటనే దొంగపేర్లును వచ్చినవి. 1794లో ఫ్రెంచి సేనలు కొలోనును పట్టుకొన్న తరువాత ఇండ్లకు అంకెలు వేసినారు. విల్‌హెల్మ్ ముల్‌హెన్స్ అను వర్తకుని ఇంటికి 4711 అను అంక పడినది. అతడు 1803లో, అసలు ఫరీనా ఇంటితో సంబంధములేని మరియొక ఫరీనా వద్ద ఆ పేరు వాడుకొను హక్కు కొని, ఇతరులకు గూడ అమ్మినాడు. అప్పటికి వ్యాపార చిహ్నములను కాపాడు చట్టము లేదు. కోర్టు వ్యవహారములు దీర్ఘకాలము నడచి, చివరకు అతని మనుమడు ఆ పేరు వదలి 1881లో ఇంటి అంకనే పేరుగ పెట్టుకొన్నాడు. మన దేశమునకు వచ్చిన సీసాలలో 4711 అంకె చూచినవారు మనలో ఉందురు.

ఇంకొక ముచ్చట. మొదట ఈ నీటిని మందుగాను అమ్మెడివారు, త్రాగెడివారు గూడ. 1810లో నెపోలియన్ రహస్య ఔషధముల పాకములను ప్రభుత్వమునకు వెల్లడింపవలెనని శాసించినాడు. రహస్యము చెప్పనిష్టము లేని వర్తకులు ఇది మందు కాదు, ఒంటికి పూసికొను పరిమళమేనన్నారు. నెపోలియన్ స్వయముగ దానిని సీసాలకు సీసాలు వాడినవాడే. మన ఇండ్లలో మాత్రము అది మరల జ్వరపుగుడ్డ మీదకు, అనగా మందు పనికే, చేరినది.

తొక్క పిండినవారి కథ

సీసాకు కొలోను పేరు వచ్చినను, అందులోని ముఖ్యమైన తైలము ఇటలీ కొసనుండి రావలసినదే. ఇటలీ పటము జోడువలె ఉండును; ఆ జోడు ముందు కొననున్న కలబ్రియా సీమలో రెజ్జో పట్టణము చుట్టు సముద్రపు ఒడ్డున బెర్గమోతు తోటలు ఉన్నవి. అది నిమ్మ, నారింజ జాతులకు చెందిన కాయ. రసము పులుపు, చేదు. విలువ అంతయు తొక్కలోనే. లోకములో వాడు బెర్గమోతు తైలములో నూటికి 90 పాళ్లు ఆ సన్నని తీరమునుండియే వచ్చును. ఒక కిలో తైలమునకు సుమారు 200 కిలోల కాయలు కావలెను.

పూర్వము కాయను రెండు చెక్కలుచేసి, గుజ్జు తీసివేసి, తొక్కను చేతితో స్పాంజికి అదిమి తైలము పీల్పించెడివారు. స్పాంజిని మట్టిపాత్రలో పిండిన తైలము పైకి తేలును. చేతులు పుండ్లుపడు పని అది. 1844లో నికొలా బరిల్లా అను నతడు ఈ పనికి యంత్రము కల్పించినాడు. 1918లో రెజ్జోలో తైలముల పరిశోధనకు ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. తరువాత కృత్రిమ తైలములు వచ్చి ధర పడిపోగా, చాలమంది రైతులు తోటలు కొట్టివేసినారు. 2001లో ఐరోపా సంఘము రెజ్జో బెర్గమోతు తైలమునకు ఆ సీమ పేరును రక్షించు గుర్తింపు నిచ్చినది. సీసాలు పుట్టి దాదాపు మూడు వందల యేండ్లు అయిన తరువాత తొక్క పిండినవారి ఊరికి పేరు దక్కినదన్నమాట.

ఈలోగ ఆ సీమవారే ఊళ్లు విడిచినారు. 1876 మొదలు నూరు సంవత్సరములలో ఇటలీనుండి సుమారు 2 కోట్ల 60 లక్షలమంది విదేశములకు పోయినారని లెక్క. అందు కలబ్రియావారు విశేషముగ ఉన్నారు. తైలము పోయిన దారినే మనుషులును పోయినారు.

మన మాట

ఇదంతయు చదివి, మనకు దీనితో ఏమి పని అని ఎవరైన అడుగవచ్చును. మేము ఇంతదూరము పోయి వచ్చినది మన వీధికి వచ్చుటకే. మొదటి ప్రపంచ యుద్ధము వచ్చి మైసూరు గంధపుచెక్క ఐరోపాకు పోవు దారి మూతపడినప్పుడు, చెక్కను ఇచ్చటనే కాచి నూనె దింపవలెనని మైసూరు ప్రభుత్వము నిశ్చయించినది. 1916లో బెంగుళూరులో ఆ పని ఆరంభమైనది. 1918లో గంధపు సబ్బు వచ్చినది. అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి పూర్వులు మోక్షగుండమునుండి వలసవచ్చినవారు. ఇంటిపేరులో ఆ ఊరిని నిలుపుకొని, చేసిన పనికంతటికి మైసూరు పేరే పెట్టినారు. ఫరీనా చేసినదియు అదియే.

వలస వచ్చినవారికి రెండు భయములు ఉండును. ఒకటి, మన వాసన పోవునేమో అని. రెండవది, పొరుగువారు మనలను పరాయివారుగనే చూచుదురేమో అని. మొదటి భయముతో తలుపులు మూసికొన్నవారు ఉన్నారు. రెండవ భయముతో ఉన్న వాసననే కడిగివేసికొన్నవారును ఉన్నారు. ఫరీనా రెంటిలో ఏ దారియు పట్టలేదు. తన వసంతమును సీసాలో పెట్టి, ఉన్న ఊరి పేరు వ్రాసి, ఊరందరికి అమ్మినాడు. ఆ ఊరివారు దానిని తమదే అనుకొన్నారు, అనుకొనుట న్యాయమే. అయినను మూత తీసినప్పుడు వచ్చునది ఇటలీ వానయే.

మన పిల్లలు కన్నడము మనకంటె చక్కగ మాటలాడుచున్నారు. సంతోషమే. తెలుగు చదువలేనివారు పెరుగుచున్నారు; అది మనము దిద్దుకొనవలసిన పని. ఐరిస్ దుంపవలె కొన్ని వాసనలు తవ్విననాడే రావు. నిలువచేయు ఓపిక పెద్దలకు ఉండవలెను. ఈ ఉగాదినాడు పచ్చడి చేతిలో పెట్టుటకు ముందు, ఆ వేపపువ్వును పిల్లల అరచేతిలో నలిపి వాసన చూడుమనుడు. తాతగారి ఊరి పేరు ఒకసారి చెప్పుడు. ఆ ఊరు ఏ జిల్లాలో ఉన్నదో పటములో చూపుడు. తరువాత పక్కింటి కన్నడ కుటుంబమును పచ్చడికి పిలువుడు. వారి బేవు బెల్లము మీరును తినుడు. వారికిని నేడే యుగాది.

సోదర సోదరీమణులందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.